తిరిగొచ్చినట్టు కాయితం

ధరావత్ కిషన్‌కు కోపం ముక్కు మీదే ఉంటుందని చెల్పూర్‌లో అందరికీ తెలుసు. కరెంటు ప్లాంటు గేటు ముందు హోటల్లో చాయ్ చల్లగా ఇస్తే గ్లాసు బల్ల మీద కొట్టి లేచి వచ్చే మనిషి. పనిలోకి దిగితే మాత్రం ఆ కోపం ఎటు పోతుందో ఎవరికీ అంతుపట్టదు. బొగ్గును మోసే రబ్బరు బెల్టు తెగినప్పుడు రెండు కొసలనూ పొరలు పొరలుగా చీరి, మందు పూసి, వేడి పలకల మధ్య బిగించి అతికించాలి. ఆ పని వచ్చినవాళ్లు కాంట్రాక్టరు రమాకాంత్ దగ్గర ఇద్దరే. ఆ రెండోవాడు ఉపేందర్ కూడా కిషన్ దగ్గర నేర్చుకున్నవాడే. పదకొండేళ్లుగా కిషన్‌కు అదే పని, అదే కాంట్రాక్టరు, ఆరు నెలలకోసారి మార్చే అదే గేటు పాసు.

సొంతూరు డోర్నకల్ దగ్గర లంబాడీ తండా. తల్లి రుక్కి, తమ్ముడు గణేశ్ అక్కడే ఉంటారు. ముప్పై మూడేళ్లు వచ్చేదాకా పెళ్లి మాటెత్తితే కసిరేవాడు. తర్వాత బచ్చన్నపేట వైపు తండా నుంచి సుమన సంబంధం వచ్చింది. సుమన నర్సు చదివి, కెనడాలో ముసలివాళ్లను చూసుకునే కొలువుకు పోయి, అక్కడ స్థిరంగా ఉండే హక్కు సొంతంగా సంపాదించుకున్న పిల్ల. నెల సెలవు మీద వచ్చి పెళ్లి చేసుకుంది. జనగామలో రిజిస్ట్రేషన్ చేయించుకుని, వెనక్కి పోగానే భర్తను పిలిపించుకునే ఫైలు వేసింది. తండాలో పెళ్లికూతురు అత్తగారింటికి పోయేముందు ఒక్కొక్కరి మెడ పట్టుకుని రాగం తీసి ఏడుస్తుంది. “ఈసారి ఆ ఏడుపు నువ్వు నేర్చుకోవాలె కిషన్, పెండ్లాం ఇంటికి పోయేది నువ్వే గద” అని ముసలమ్మలు ఆట పట్టించారు. విచిత్రం, ఆ మాటకు కిషన్‌కు కోపం రాలేదు.

ఫైలు వేసి పద్నాలుగు నెలలైంది. ఎప్పుడు చూసినా “పరిశీలనలో ఉంది” అన్న ఒకే ముక్క. మధ్యలో సుమన ఇరవై రోజులకు వచ్చి పోయింది. పోయాక నెల తిరక్కుండానే కడుపుతో ఉన్నానని చెప్పింది. అయిదు నెలలు దాటాక డాక్టరు బీపీ చూసి మొహం మాడ్చిందట. పక్కన ఎవరైనా ఉంటే మంచిదని చెప్పిందట. అసలు ఫైలు కదిలేదాకా ఆగకుండా, చుట్టపు చూపుగా వచ్చిపోయే వీసా అడగమంది సుమన.

ఇక్కడే కిషన్ చేసిన పని చెప్పాలి. తలుచుకుంటే ఇప్పటికీ అతని మీద అతనికే ఒళ్లు మండుతుంది.

కిషన్‌కు ఆఫీసుల సంగతి బాగా తెలుసు. రేషన్ కార్డుకు పోయినా, పీఎఫ్‌కు పోయినా “ఇంకో కాయితం తే” అనని బల్ల అతను చూడలేదు. ఎన్ని ముద్రలుంటే అంత బలమని అతని నమ్మకం. అందుకని ఈసారి ఎవరూ అడగకముందే అన్నీ పట్టుకుని పోదామనుకున్నాడు.

ముందు రమాకాంత్ దగ్గరికి వెళ్లాడు. కాంట్రాక్టు మనుషులకు పది రోజులకు మించి సెలవు ఆయన పుస్తకంలోనే లేదు. “పాసు జమ చేసి పో. వచ్చినంక మల్ల పెట్టుకుంట” అన్నాడు. అక్కడ ఎవరు ఎక్కువ రోజులు పోవాలన్నా అంతే, కొత్తేమీ కాదు. పాసు జమ చేయాలంటే స్టోరు, టూల్ రూము, క్యాంటీను, సేఫ్టీ, టైమాఫీసు, గేటు అని ఆరు చోట్ల సంతకాలు కావాలి. కిషన్ నాలుగు రోజులు తిరిగి ఆరూ సాధించాడు. చివర్లో రమాకాంత్ లెటర్‌హెడ్ మీద, “సదరు కార్మికుడు తన ఇష్టపూర్వకంగా విధుల నుండి వైదొలిగినాడు. అతనికీ మాకూ ఏ సంబంధమూ మిగిలి లేదు” అని ముద్ర పడింది. ఆ కాయితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని పరీక్ష పాసైనవాడిలా బయటికొచ్చాడు.

తర్వాత తండాకు పోయి పెద్దమనుషుల కాయితం నకలు తెచ్చాడు. ఫైలు వేసిన కొత్తలోనే తండా నాయక్ వాల్యా నలుగురినీ కూర్చోబెట్టి తగాదా రాకుండా పంపకం తేల్చాడు. దూరం పోయేవాడు కాబట్టి కిషన్ తన వంతు మెట్ట చెల్క గణేశ్‌కు వదిలేశాడు. “కిషన్‌కు తండాల ఎవరితోని పంచాయితీ లేదు. ఇంటిల, భూమిల ఏ హక్కు లేదు. సంతోషంగ పంపుతున్నం” అని ఆనాడు రాసుకున్న కాయితం అది. దానిమీద ఏడు వేలిముద్రలు ఉన్నాయి. మంచివాడని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాడు.

అన్నీ కలిపి మహబూబాబాద్‌లో కీర్తి చేతిలో పెట్టాడు. స్టేషన్ రోడ్డులో ఆమె తండ్రిది హోల్‌సేల్ కిరాణం, మేడ మీద ఆమెది నెట్ సెంటర్. సుమన ఫైలుకు ఇటువైపు కాయితాలన్నీ పంపింది కూడా ఆమే. కీర్తి ముప్పై ఒక్క పేజీలు స్కాన్ చేసి ఎక్కించింది.

జవాబు రాకముందే సుమన ఫోన్ వచ్చింది. అప్పుడు కిషన్ తండాలో పళ్లు తోముకుంటున్నాడు.

“ఆపరేషన్ చేసి పాపను బయటికి తీసిన్రు” అంది. గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది. “బతికే ఉన్నది. ఇరవై ఎనిమిది వారాలకే. తొమ్మిది వందల నలభై గ్రాములు.”

కిషన్ నోట్లోది ఉమ్మేశాడు. “దవాఖానకు ఎవరు తోలుకపోయిన్రు?” అన్నాడు.

“నేనే ఫోన్ చేసుకున్న. అంబులెన్స్ వచ్చింది.”

“నీ దగ్గర ఎవరున్నరు?”

“నర్సులున్నరు.”

“నర్సులు గాదు సుమనా. మనిషి. మన మనిషి ఎవరున్నరు?”

“ఇక్కడ అటెండర్లు ఉండరు కిషన్. ఎవరింట్ల వాళ్లుంటరు.”

అతనికి దాని తర్వాత చెప్పినవేవీ సరిగా వినపడలేదు. తల్లికి కడుపులో గడ్డ తీసినప్పుడు పదిహేను రోజులు మంచం కింద చాప పరుచుకుని పడుకున్నాడు. ఫ్లాస్కులో పాలు, దుప్పటి, మందుల చీటీ పట్టుకుని ఉరకడం, డాక్టరు వస్తే లేచి నిలబడటం. పేషెంటుకు మనిషి లేకపోతే మన దగ్గర వార్డులో పక్క మంచాలవాళ్లయినా ఊరుకోరు, “నీకెవరు లేరా బిడ్డా” అని అడిగి అన్నం పెడతారు. అక్కడ సుమన కుట్లతో ఒక్కతే లేచి, గోడ పట్టుకుని పిల్లను చూడటానికి పోతోంది. ఆ రోజు తల్లి అన్నం తినమంటే కంచం పక్కకు నెట్టాడు.

నాలుగో రోజు కీర్తి రమ్మంది. మెట్లెక్కుతుంటేనే ఆమె మొహం చూసి అర్థమైంది.

“ఇయ్యలేదన్న” అంది.

“ఎందుకియ్యలేదు?”

ఆమె తెర వైపు తిరిగి నెమ్మదిగా తెలుగులో చెప్పుకొచ్చింది. గడువు తీరాక మీరు మా దేశం విడిచి వెళ్తారన్న నమ్మకం మాకు కలగలేదు. మీ భార్య ఇక్కడ ఉంది. మీ దేశంలో మీకు ఉద్యోగం లేదు, ఆస్తి లేదు. మీరు సమర్పించిన పత్రాలే ఆ మాట చెబుతున్నాయి.

“నౌకరి లేదంటరా? పదకొండేండ్ల సంది బెల్టు అతికిస్తున్న.”

“నువ్వే ఇచ్చినవ్ గదన్న కాయితం. ఏ సంబంధం లేదని. తండా కాయితంల గూడ ఏ హక్కు లేదని ఉన్నది. వాళ్లు నిన్ను ఆపింది వేరే ఏం చూసి గాదు, నీ కాయితాలు చూసే.”

కిషన్ నాలుగు రోజులు ఎండలో తిరిగి, టైమాఫీసు గుమాస్తా భోజనం చేసి వచ్చేదాకా మెట్ల మీద కూర్చుని, ఒక్కొక్క సంతకం బతిమాలి తెచ్చుకున్నాడు. తెచ్చింది ఏంటంటే, ఈ భూమ్మీద తనకు ఏ దిక్కూ లేదని ఆరు సంతకాలతో, ఏడు వేలిముద్రలతో సాక్ష్యం.

“నువ్వు చదువుకున్నదానివి. నీకు తెల్వదా?” అన్నాడు. మాట ఎంత గట్టిగా వచ్చిందంటే కింద కిరాణంలో తూకం వేస్తున్న మనిషి తలెత్తి చూశాడు.

కీర్తి అబద్ధమాడలేదు. “చదవలేదన్న. అందరు గట్లనే తెస్తరు, ఎక్కువుంటె మంచిదనుకున్న. స్కాన్ చేసి ఎక్కించిన. తప్పు నాది గూడ ఉన్నది.”

తప్పు ఒప్పుకున్న మనిషి మీద ఇంకెంతసేపు అరుస్తాడు. కిషన్ కుర్చీలో కూలబడ్డాడు. అయినా కోపం దిగలేదు. “ఒక ఫైల్ల ఏం రాసినం? పెండ్లాంతోని బతకనీకి పోతున్న అని. నిజమేనా అని పెండ్లి ఫోటోలు, ఫోన్ బిల్లులు అన్ని అడిగిన్రు. ఇప్పుడు ఇంకో ఫైల్ల ఏం రాయాలె? పెండ్లాంతోని బతక, వాపస్ వస్త అని. రెండు నిజమే అంటె నమ్మరు. ఏది అబద్ధమని రాయాలె చెల్లె?”

“రెండు నిజమేనని రాద్దాం” అంది కీర్తి. “చట్టంల గది తప్పు కాదంట, నిన్న చదివిన. వదిన ఏసిన పెద్ద ఫైలు పాసయ్యేదాంక ఇక్కడికి వచ్చి ఆగుతవని నమ్మాలె, గంతే. నీకు నౌకరి ఉన్నదని, ఫలానా తారీఖుకు డ్యూటీల చేరాలని కాంట్రాక్టరు రాసియ్యాలె. పాప దవాఖాన కాయితం పెడదాం. అర్జెంటని రాద్దాం.”

మరునాడే చెల్పూర్ పోయాడు. రమాకాంత్ చెడ్డవాడు కాదు, మంచివాడూ కాదు. పరుపు వేసిన కుర్చీలో కూర్చుని అంతా విన్నాడు. “పాప ఎట్లున్నది?” అని కూడా అడిగాడు. ఆ తర్వాత, “నీ పేరు కొట్టేసినం కదా కిషన్. లేనోన్ని ఉన్నడని ఎట్ల రాస్త? రేపు ఎవరన్న అడిగితె నా మెడకు చుట్టుకుంటది” అన్నాడు.

“లేనోన్ని చేసింది మీరే గద సార్. సెలవు ఇయ్యుమంటె పాసు గుంజుకున్నరు.”

“అందరికి అదే రూలు.”

 ఇంకొక్క నిమిషం ఉంటే ఏం చేసేవాడో కిషన్‌కే తెలియదు. లేచి బయటికొచ్చి, బస్టాండు దాకా నడిచి, తండా చేరాడు. సంగతి విన్న వాల్యా ఏడు వేలిముద్రల కాయితం అసలు ప్రతి పెట్టెలోంచి తీసి చింపేశాడు. “నీ చెల్క నీదే” అన్నాడు వాళ్ల భాషలో. గణేశ్ తలూపాడు. కొత్త కాయితం రాసి ఆ ఏడుగురూ వేలిముద్రలు వేశారు. ఒక మనిషికి ఊరు ఉందా లేదా అన్నది ఇంత తేలిగ్గా రాసేది, చింపేది అయితే, దాన్ని చూసి తన బిడ్డ సంగతి తేల్చేవాళ్లను ఏమనాలో కిషన్‌కు తోచలేదు. నోటికొచ్చిన తిట్లన్నీ మనసులోనే తిట్టుకున్నాడు.

రుక్కి అడిగింది ఒకటే. “పిల్ల పాలు తాగుతున్నదా?”

“గొట్టంతోని పోస్తున్నరంట యాడీ” అన్నాడు తల్లితో.



మూడో రోజు మధ్యాహ్నం రమాకాంత్ ఫోన్. మెయిన్ బెల్టు తెగింది. ఉపేందర్ అతికిస్తే రెండు గంటల్లోనే విడిపోయిందట. బొగ్గు పోవడం ఆగింది, పైనుంచి ఇంజనీర్లు మీద పడుతున్నారు. “జల్ది రా కిషన్. బండి పంపుత.”

పీడ వదిలింది, మీ బెల్టు మీరు అతికించుకోండి అని ఫోన్ పెట్టేయాలనిపించింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అద్దాల పెట్టెలో గొట్టాల మధ్య ఉన్న పిల్ల ఫోటో ఫోన్‌లోనే ఉంది. మింగేశాడు.

“నేను మీ మనిషిని గాదు గద సార్. ఏ సంబంధం లేదని రాసిచ్చిన్రు.”

అటువైపు ఇంజనీర్ల కేకలు వినపడుతుంటే కిషనే మళ్లీ అందుకున్నాడు.

“లెటర్ రాసి పెట్టున్రి. పేరు ఎక్కిచ్చున్రి. ఇరవై ఒక్క దినాల సెలవు, ఫలానా తారీఖుకు డ్యూటీల చేరాలని. సంతకం, ముద్ర. గేటు కాడ నా చేతికిస్తె లోపలికి వస్త.”

గేటు దగ్గర లెటరూ పాసూ రెండూ చేతికిచ్చారు. కిషన్ రెండుసార్లు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని లోపలికి నడిచాడు. ఆ అతుకు వేయడానికి పది గంటలు పట్టింది. కత్తి పెట్టి రబ్బరు పొరలు లాగుతుంటే అతను పళ్లు పటపటా కొరకడం పక్కనున్న ఉపేందర్‌కు వినిపించింది. కానీ గీత మాత్రం ఇంచు కూడా పక్కకు పోలేదు.

రెండో దరఖాస్తుకు కీర్తి ఒక హామీ పత్రం కూడా తయారు చేసింది. ప్రతి పేజీ చదివి, అర్థం చెప్పి, అప్పుడే ఎక్కించింది. హామీ పత్రం దగ్గరికొచ్చేసరికి ఆమె గొంతు తగ్గింది. “నా భార్యను, నెలలు నిండకుండా పుట్టిన నా కూతురిని అక్కడే వదిలి, పై తేదీ నాటికి నేను భారతదేశానికి తిరిగి వస్తానని హామీ ఇస్తున్నాను.”

“బిడ్డను చూడనీకి పోవాలంటె బిడ్డను వదిలేస్తనని రాసియ్యాలె” అన్నాడు కిషన్. సంతకం పెట్టేటప్పుడు పెన్ను ఎంత నొక్కాడంటే అక్షరాలు వెనక పేజీ మీద పడ్డాయి.

పదకొండో రోజున వీసా వచ్చింది. అక్కడ దిగినప్పుడు పాసుపోర్టు మీద కూడా ఆ హామీ తేదీదాకానే గడువు వేశారు.

అక్కడ దవాఖానలో నర్సు అతని చొక్కా గుండీలు తీయించి, కుర్చీలో వెనక్కి వాల్చి, పిల్లను ఛాతీ మీద పడుకోబెట్టింది. ఉడత పిల్లంత ఉంది. గుండె కొట్టుకోవడం తన గుండె మీద తెలుస్తోంది. అంత కోపిష్టి మనిషి గంటసేపు కదల్లేదు, ముక్కు దురద పెట్టినా గోక్కోలేదు. రోజూ పొద్దున, సాయంత్రం అదే పని. మంచం కింద చాప వేసుకోనివ్వలేదు కానీ, కుర్చీలో ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లేవమనలేదు. సుమన మొదటిసారి కంటినిండా నిద్రపోయింది.

పద్దెనిమిదో రోజు సుమన అంది, “డాక్టరు ఇంకో పది దినాలల్ల ఇంటికి పంపుతమన్నది. గడువు పొడిగిచ్చుమని అడుగుదాం.”

“అడగొచ్చా?”

“అడగొచ్చు.”

“పెద్ద ఫైలుకు ఏం కాదని ఎవరన్న రాసిస్తరా?”

సుమన తెలిసినవాళ్లను అడిగింది. ఒకరు ఏం కాదన్నారు, ఒకరు ఎందుకొచ్చిన గొడవ అన్నారు. రాసిచ్చేవాళ్లు ఎవరూ లేరు.

“పోత” అన్నాడు కిషన్. “నమ్మకం కలగలేదన్నరు గద. కలగాలె.”

“నువ్వు ఫైలు కోసం పోతున్నవా, కోపం కోసం పోతున్నవా?” అంది సుమన. ఆమె కళ్లల్లో నీళ్లు లేవు, కోపమే ఉంది.  ఆఖరి రోజున పిల్లను ఛాతీ మీదినుంచి నర్సు తీసుకుంటుంటే, పిడికిలి చొక్కా అంచును పట్టుకుంది. నర్సే వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసింది.

దిగినరోజు తండాలో తల్లికి కనబడి, మరునాడే డ్యూటీలో చేరాడు. మూడో రోజు సెలవు పెట్టుకుని మహబూబాబాద్‌లో కీర్తి మెట్లెక్కాడు. చేతిలో అదే ప్లాస్టిక్ కవరు. టైమాఫీసు హాజరు పుస్తకం నకలు, రమాకాంత్ ముద్ర, గేటు పాసు, విమానం టికెట్టు ముక్క, వాల్యా వేలిముద్రతో “మనిషి తండాకు వచ్చి పోయిండు” అని రాసిన కాయితం. హాజరు నకలు మీద మళ్లీ అదే ఆరు చోట్ల సంతకాలు.

“గివన్ని ఎందుకన్న?”

“వచ్చినట్టు కాయితాలు. పంపు.”

“ఎవరు అడిగిన్రు? వాళ్లు అడగలేదు. పోయినోళ్లు వచ్చిన్రా అని గిట్ల ఎవరు చూడరన్న.”

“అడగరా” అన్నాడు కిషన్. మొహం కందిపోయింది. “పోకముందు వస్తవా వస్తవా అని పానం తీసిన్రు. నేను రానని రాసి పంపిన్రు. వచ్చినంక చూసేటోడు లేడా? చూడకుంటె చూడకపోయిరి. నువ్వు పంపు.”

కీర్తి పెద్ద ఫైలు తెరిచింది. “పరిశీలనలో ఉంది” అన్న ముక్క అలాగే ఉంది. దాని కింద సమాచారం పంపే చిన్న గడి ఒకటి ఉంటే కాయితాలన్నీ ఒక్కొక్కటే చదివి ఎక్కించింది. నాలుగు ముక్కలు రాయడానికి చోటుంది.

“ఏం రాయాలన్న?”

“ధరావత్ కిషన్ చెప్పిన తారీఖుకు వచ్చిండని రాయి. డ్యూటీల ఉన్నడని రాయి.”

ఆమె రాసింది. పంపబోతుంటే అతను ఆగమన్నాడు. ఫోన్ తీసి, ఆ పొద్దున సుమన పంపిన ఫోటో చూశాడు. పిల్లను దుప్పట్లో చుట్టి, కారులో సీటుకు బిగించి, సుమన ఒక్కతే ఇంటికి తీసుకుపోతోంది.

“నేను బయలెల్లేనాటికి పిల్ల కిలో తొమ్మిది వందలున్నది” అన్నాడు. “వదిలి వచ్చిన. గది గూడ రాయి.”